బేబీ ఆఫ్ కాసులమ్మ

పెదవాల్తేరు కంటాసుపత్రి నుంచి
ఆటోలో, సన్యాసయ్య ఒళ్ళో కూర్చుని
కొండమీది మా ల్యాబుకొచ్చింది డబ్బా.
ఫార్మలిన్‌లో నానుతున్న ముద్ద,
చిన్న నిమ్మకాయంత.
చీటీ మీద: బేబీ ఆఫ్ కాసులమ్మ,
పదకొండు రోజులు, మగ, కుడి కన్ను.
పేరింకా పెట్టలేదు.
పేరు లేనివాడి లోపలి సంగతి
ముందుగా నా చేతికొచ్చింది.

పుట్టడమే ఆ కన్ను రెప్పలు దాటి బయటికొచ్చిందట.
ఆయాలు మొహం తిప్పుకున్నారట.
తల్లి మాత్రం దాన్ని తడిగుడ్డతో కప్పి
రెండో కంటితో మాట్లాడుకుందట.
సన్యాసయ్య చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు.

నాది కోసే పని.
ఇరవై రెండేళ్ళుగా
మైనంలో పొదిగి, బ్లేడు కింద పెట్టి, చక్రం తిప్పుతాను.
గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే
పూతరేకులా విచ్చుకుంటుంది.
గాజు పలక మీదికి ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి.
తుమ్మితే ఒక మనిషి ఎగిరిపోతాడు.

ఊదా రంగు, గులాబి రంగు వేసి చూశాను.
ఒక మూల చర్మం, దానికి వెంట్రుకలు.
పక్కనే పేగు లోపలి పొర,
ఎప్పుడూ రాని తిండి కోసం జిగురు ఊరిస్తూ.
లేత కొబ్బరి లాంటి మెత్తటి ఎముక తునక.
ఇంకా కిందికి, ఒక పంటి మొలక.
కందిగింజకి చోటుండని కంటి వెనక
ఎవరో కాపురానికి సామాను దించేసినట్టు
అన్నీ ఉన్నాయి,
ఇల్లే లేదు.

"టెరటోమా. చెడ్డ కణాల్లేవు. టైపు చెయ్యి" అంది మేడం.
ఇలాంటిది మళ్ళీ దొరకదని కొత్త కుర్రాడు ఫోటో తియ్యబోతే
ఆవిడ చూపుకి ఫోను జేబులోకి పోయింది.

వారం తర్వాత కౌంటరు దగ్గర ముసలావిడ.
మసేనమ్మ, జాలారిపేట. ఉప్పుకి తెల్లబడిన వేళ్ళు.
రిపోర్టు తీసుకుంది, తలకిందులుగా పట్టుకుంది, కదల్లేదు.
"అందల ఏటున్నాది పాపా?"
చెడ్డదేం లేదు, భయం లేదన్నాను.
"అది డాట్రమ్మ సెప్పింది.
మా కోడలు గెరనం పూట కోనాం సేప కోసీసింది.
ఒద్దన్నాను, ఇన్లేదు.
అదుందా అందల?"

వెనక మెట్ల మీద ఒక పిల్ల,
బాలింత గుడ్డ చెవులకి బిగించి కట్టుకుని
వినబడనట్టు నేలని చూస్తోంది.

నా ఫారంలో పరిమాణానికి గడి ఉంది.
రంగుకుంది, బరువుకుంది, అంచులకుంది.
దీనికి లేదు.
"నలభై ముక్కలు కోసి చూశానమ్మా.
వెంట్రుకుంది, పన్నుంది, పేగుంది.
గ్రహణం ఒక్క ముక్కలోనూ లేదు.
చేప పొలుసు కూడా లేదు."
"బాగా సూసినావా?"
"చూశాను."
"ఇంకోపాలి సూడు."

లోపలికెళ్ళాను. ఒట్టినే కాసేపు నిలబడి రావచ్చు.
కానీ పలకలన్నీ దించి
మొదటి నుంచి మళ్ళీ చూశాను.
కింద పోర్టులో సైరను కూసింది.
బయటికొచ్చి, లేదన్నాను.

ఆవిడ కోడలితో ఏమందో నాకు వినబడలేదు.
మెట్లు దిగేటప్పుడు మాత్రం
ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది.

కన్ను నిలబడిందట. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారట.

మొన్న పూర్ణా మార్కెట్లో
ఎండు నెత్తళ్ళ తట్ట వెనక, ఆవిడ ఒళ్ళో వాడు.
కుడి కన్ను కొంచెం చిన్నది,
ఏదో లెక్క గుర్తొచ్చినట్టు పక్కకి.
ఎడమది నా చెవిపోగు కాజేసేలా ఉంది.
ముసలావిడ నన్ను పోల్చుకోలేదు,
తూకంలో ఒక్క నెత్తల్లి ఎక్కువెయ్యలేదు.
నేనూ చెప్పలేదు. ఏమని చెప్పను?

ల్యాబు బీరువాలో, మూడో సొరుగులో
సముద్రపు గాలికి చీటీలు ఊడిపోతుంటాయి.
వానలకి ముందు జిగురు రాసి మళ్ళీ అంటిస్తాను.
అక్కడ వాడింకా బేబీ ఆఫ్ కాసులమ్మే.

పేరేమిటని
అడగాల్సింది.